వైద్యకళాశాల గడప



మా బెల్లంపల్లిలో ఇంటర్మీడియేటు పరీక్షలు ముగిసిన దినములలో అనేక గృహములయందు ఒక ప్రశ్న వినబడుచుండును: "పిల్ల డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టిందా?" అని. నేడిది సామాన్యమైన మాట. కాని మన తాతల కాలమున ఈ ప్రాంతమున ఇట్లడుగుటకు ధైర్యము చాలినవారు మిక్కిలి అరుదు. దరఖాస్తు పెట్టుకొను అవకాశము మన గడప వరకు ఎట్లు నడచి వచ్చినదో ఈ పూట మీకు మనవి చేయదలచితిని.

హైదరాబాదు రాజ్యమున పాశ్చాత్య వైద్యమును బోధించు పాఠశాల 1846లో వెలసినది. నాల్గవ నిజాము నాసిరుద్దౌలా అస్వస్థుడైనపుడు రెసిడెన్సీ వైద్యుడైన మెక్లీను ఆయనకు చికిత్స చేసెను. ఆ వైద్యముపై ప్రభువునకు గురి కుదిరినది. అటుపిమ్మట స్థాపితమైన పాఠశాలకు మెక్లీనే అధిపతి అయ్యెను. అంతకు పదునొకండేండ్ల ముందు, 1835లో, చెన్నపట్టణమున వైద్యవిద్యాలయము మొదలైనది. అచట బోధన ఇంగ్లీషులో సాగినది. హైదరాబాదులోనో, పాఠములు ఉర్దూలో ఆరంభమైనవి. ఉత్తీర్ణులైనవారికి హకీము అను బిరుదము లభించుచుండెను. శరీరశాస్త్రమును దేశభాషలో చెప్పుట ఆ దినములలో సామాన్యమైన పని కాదు. దానిని మెచ్చుకొనక తప్పదు. అయితే మన పల్లెలలో తల్లి బిడ్డకు నేర్పు భాష తెలుగు. కావున తెలుగు బాలుడు వైద్యము నేర్చుటకు ముందు మరియొక భాషను నేర్వవలసి వచ్చెను. దరఖాస్తు, అర్జీ, కచ్చేరి అను మాటలు ఆ కాలపు గుర్తులుగా నేటికిని మన నోట నిలిచియున్నవి.

ఆ పాఠశాల చరిత్రలో స్మరింపదగిన సంవత్సరము మరియొకటి కలదు. ఎడ్వర్డు లారీ అను వైద్యుని ప్రోత్సాహమున 1885లో ఐదుగురు స్త్రీలు అందు ప్రవేశించిరి. వారిలో ఒకరు రూపాబాయి ఫర్దూంజీ అను పారసీ వనిత. ఆమె 1889లో హకీము పరీక్షయందు ఉత్తీర్ణురాలై, శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తుమందు ఇచ్చు విద్యలో పేరుగాంచినది. ఆడపిల్లకు ఈ చదువేల అనువారు నేటికిని మన ఊళ్లలో లేకపోలేదు. అట్టివారికి ఈ ఒక్క సంగతి చెప్పిన చాలును.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఉన్నతవిద్యయంతయు ఉర్దూలో బోధింపవలెనని దాని సంకల్పము. అందులకై గ్రంథములను అనువదించు శాఖ యొకటి 1917లోనే ఏర్పడినది. పాత వైద్యపాఠశాల ఈ విశ్వవిద్యాలయములో చేరి ఉస్మానియా వైద్యకళాశాల అయ్యెను. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన పిదప బోధనాభాష ఇంగ్లీషుగా మారినది. పాతభాష పోయి క్రొత్తభాష వచ్చినది. తెలుగు మాత్రము రెండు పర్యాయములును బయటనే నిలిచినది.

ఈ మార్పులు రాజధానిలో జరుగుచుండగా మన ప్రాంతమున బొగ్గుగనులు, రైలుమార్గము వచ్చి జీవనమును మార్చినవి. కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలుమార్గము 1929 నాటికి పూర్తియైనది. గనిలో దిగువాని యింటికి వైద్యుని విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. వైద్యుడు కావలెనను కోరికయు అట్టి యిండ్లలోనే పుట్టును. అయినను కళాశాల హైదరాబాదులో నున్నంతకాలము, కోరికకు మించిన ఖర్చు, ఖర్చుకు మించిన దూరము అడ్డుపడుచుండెను.

1959లో వరంగల్లునందు కాకతీయ వైద్యకళాశాల మొదలగుటతో ఆ దూరము కొంత తగ్గినది. 1969, 1972 సంవత్సరములలో ఆరంభమైన ఉద్యమముల ఫలితముగా రాజ్యాంగమున 371-డి అధికరణము చేరినది. దాని ననుసరించి 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది. అందు ప్రకారము 100 సీట్లలో 85 స్థానికులకు నియతమైనవి. అర్హతాపరీక్ష నాటికి వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు స్థానికుడని ఒక నిర్వచనము. తమ పల్లెబడి కాగితమునకు ఇంత విలువ గలదని అనేకులు అప్పుడే తెలిసికొనిరి.

1986లో ఎంసెట్ అను ప్రవేశపరీక్ష వచ్చినది. కళాశాలలును క్రమముగా మనవైపు జరిగినవి. 2008లో ఆదిలాబాదునందు, 2022లో మంచిర్యాలయందు, 2023లో ఆసిఫాబాదునందు ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలైనవి. మంచిర్యాల మా బెల్లంపల్లికి సుమారు 20 కిలోమీటర్ల దూరము. ఒకప్పుడు రాజధానికి పోవలసిన బిడ్డ ఇప్పుడు బస్సెక్కి పోయి సాయంత్రమునకు ఇల్లు చేరగలడు.

దూరము తీరినది గాని పోటీ తీరలేదు. 2017 నుండి ఎంసెట్టునకు బదులు దేశమంతటికి ఒకటే యగు నీట్ పరీక్షయే మన బిడ్డలకును ద్వారమైనది. ఆ సంవత్సరముననే ప్రశ్నపత్రము తెలుగులోను లభింపసాగినది. 1846 నాటి విద్యార్థికి దొరకని భాష 171 ఏండ్లకు పరీక్షాపత్రముపై కనిపించినది. ఇది చిన్న సంగతి కాదు. అయినను కళాశాల లోపలి పాఠము ఇంగ్లీషులోనే సాగును. కావున తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు మొదటి సంవత్సరము కఠినముగా నుండును. అది తెలివితక్కువ కాదు, భాష క్రొత్తది. ఇంటివారు ఈ భేదము నెరుగవలెను.

ఇందు పెద్దల వంతు పని కొంత కలదు. పిల్లలు చదివిన ప్రతి బడినుండి ధ్రువపత్రమును వెంటనే తీసికొని భద్రపరుపుడు. బడి మూతపడినను, ఊరు మారినను, అది తిరిగి దొరకుట కష్టము. స్థానికతా నియమములు మారుచుండును. కనుక ఏ సంవత్సరపు దరఖాస్తునకు ఆ సంవత్సరపు ప్రకటనయే ప్రమాణము. విన్నమాటలను నమ్మి గడువు దాటనీయకుడు. కుమారునకు, కుమార్తెకు ఒకే తీరున అవకాశమిండు. సీటు దొరకని బిడ్డను నలుగురిలో నిందింపకుడు. సీట్లు కొన్ని, అభ్యర్థులు లక్షలు. దొరకనివారందరు సోమరులు కారు.

గడప మన సమీపమునకు వచ్చుటకు నూటడెబ్బదియేండ్లకు పైగా పట్టినది. ఇంటి పెట్టెలో ఒక కాగితము దొరకనందున మన బిడ్డ దాని ముందర నిలిచిపోరాదు. ఇదియే నా మనవి. సెలవు.