మీ కారుకు 15 ఏళ్లు నిండుతున్నాయా? ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లేముందు ఇంట్లోనే ఇవి చూసుకోండి

2010, 2011 ప్రాంతంలో కొన్న ఆల్టోలు, శాంత్రోలు, వ్యాగన్‌ఆర్‌లు ఒక్కొక్కటిగా 15 ఏళ్ల గీత దాటుతున్నాయి. ‘ఇక తుక్కుకే’ అనుకుని వచ్చిన ధరకు అమ్మేస్తున్నవారూ ఉన్నారు. అంత తొందర అక్కర్లేదు. వయసు మీరిన వాహనాలపై ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న ఆంక్షలు కోర్టు ఆదేశాలతో ఆ ప్రాంతానికి పరిమితమై వచ్చినవి. తెలుగు రాష్ట్రాల్లో మీ సొంత కారు కండిషన్‌లో ఉంటే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు.

గడువు తేదీ మీ ఆర్‌సీ మీదే ఉంటుంది. దానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు మాత్రం భారమే. ఒకప్పుడు రూ.600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. కారుకు 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టులో వచ్చిన సవరణ ప్రకారం రూ.10,000. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. ఆలస్యమైతే నెలకు రూ.500 కలుస్తూ పోతుంది. గడువు తీరిన కారుతో రోడ్డెక్కి దొరికితే మొదటిసారి రూ.5,000 వరకు జరిమానా పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌కూ ఇదే అడ్డంకి కావచ్చు.

డబ్బు కట్టాక మోటారు వాహన తనిఖీ అధికారికి కారు చూపించాలి. వెనక్కి పంపడానికి కారణమయ్యే లోపాల్లో చాలావాటిని రెండు ఆదివారాలు కేటాయిస్తే మీరే పట్టుకోవచ్చు.

లైట్లతో మొదలుపెట్టండి. కారును గోడకు ఎదురుగా నిలిపి డిమ్, బ్రైట్, ఇండికేటర్లు వేసి చూడండి. బ్రేక్ లైట్లు చూడటానికి ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి. హారన్, వైపర్లు, సీటు బెల్టులు కూడా అప్పుడే చూసేయండి. టైరు గాడుల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి, టైరు వాటి మట్టానికి అరిగిందంటే మార్చాల్సిందే. తక్కువ తిరిగిన కారైతే అరుగుదల కనిపించదు, కానీ రబ్బరు పగుళ్లిస్తుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో 23వ వారం అన్నమాట.

ఇక బానెట్ ఎత్తండి. సెల్లార్‌లో ఎక్కువ రోజులు నిలిపిన కారైతే ముందుగా ఎలుకలు కొరికిన వైర్లున్నాయేమో చూడండి (అపార్ట్‌మెంట్ కార్లకు ఇదో పెద్ద తలనొప్పి). బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి, నీలపు పొడి పేరుకుంటే ముందు మైనస్, తర్వాత ప్లస్ తీగ విప్పండి. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరనివ్వండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఇంజిన్ ఆయిల్‌ను బండి చదునుగా ఉన్నచోట, ఇంజిన్ చల్లారాక చూడాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

కాలుష్య పరీక్షకు వెళ్లేముందు పొగ రంగు గమనించండి. నల్లగా వస్తే పెట్రోల్ సరిగా మండట్లేదు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, అది ఇంట్లో తేలే పని కాదు. హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-4 పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.3 శాతమే. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు మార్చి, పావుగంట నడిపి ఇంజిన్ వేడెక్కాక పరీక్షకు తీసుకెళ్లండి.

రెండింటి జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. ఒకటి బ్రేకులు. బ్రేక్ ఆయిల్ తగ్గితే మళ్లీ పోసేసి ఊరుకునేవారు చాలామంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందనో, బ్రేక్ ప్యాడ్లు అరిగాయనో అర్థం. పెడల్ లోపలికి దిగిపోతున్నా, స్పాంజిలా మెత్తగా తగులుతున్నా కారును కదపకుండా మెకానిక్‌నే పిలిపించండి. రెండోది పెట్రోల్ పైపులు. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అంతటి పాత కార్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. రబ్బరు పైపులు, సీళ్లు గట్టిపడ్డాయేమో సర్వీసింగ్‌లో చూపించండి. పెట్రోల్ వాసన వస్తుంటే స్టార్ట్ చేయొద్దు. అక్కడ పది నిమిషాల బద్ధకం పిల్లలు కూర్చున్న కారులో మంట కావొచ్చు.

చివరగా ఛాసిస్ నంబర్. చాలా చిన్న కార్లలో ఇది ఇంజిన్ వెనకున్న రేకు మీద చెక్కి ఉంటుంది. ఆర్‌సీలోని నంబర్‌తో దాన్ని పోల్చి చూస్తారు. పాత బండిలో మడ్డి, తుప్పు పట్టి అంకెలు కనబడకపోతే అక్కడే ఆగిపోతుంది. గుడ్డను కిరోసిన్‌లో ముంచి మెల్లగా తుడవండి. గరుకు కాగితం, స్క్రూడ్రైవర్ వాడొద్దు, అంకెలు చెరిగితే దిద్దారన్న అనుమానం వస్తుంది.

ఒరిజినల్ ఆర్‌సీ, బీమా, కాలుష్య సర్టిఫికెట్, గుర్తింపు పత్రం వెంట ఉంచుకుని స్లాట్ రోజు వెళ్లండి. అధికారి లోపం చూపి వెనక్కి పంపితే ఏం సరిచేయాలో రాతలో అడిగి తీసుకోండి. అది బాగు చేయించుకుని కారును మళ్లీ చూపించవచ్చు.