సెలవు దుకాణానికా, పనివానికా?

ప్రతి సంవత్సరమూ ఉగాది దగ్గరపడేసరికి మన బొంబాయి తెలుగువారి ఇండ్లలో ఒక చిక్కు వచ్చిపడుతుంది. పచ్చడికి వేపపూవు దొరుకుతుందా అన్నది కాదు. ఇంటి పిల్లవానికో, కోడలికో ఆనాడు సెలవు దొరుకుతుందా అన్నదే చిక్కు. బ్యాంకులోనూ సర్కారు కచ్చేరీలోనూ పనిచేసేవారికి ఆ బెంగ లేదు. బట్టల దుకాణంలో, నగల దుకాణంలో, మోటారు బండ్లు అమ్మేచోట పనిచేసేవారికి మాత్రం ఊపిరి సలపని రోజులలో అదొకటి. మహారాష్ట్రులు గుడిపాడ్యమిని మూడున్నర ముహూర్తాలలో ఒకటిగా ఎంచుతారు. గుడిపాడ్యమి, అక్షయ తృతీయ, విజయదశమి పూర్తి ముహూర్తాలు. దీపావళి వేళ వచ్చే బలిపాడ్యమి అర ముహూర్తం. ఈ దినాలలో పంచాంగం విప్పనక్కరలేదు, బంగారం కొన్నా బండి కొన్నా కలిసివస్తుందని నమ్మకం. కొనేవానికి ముహూర్తమైన దినం అమ్మేవానికి సెలవు ఎట్లు అవుతుంది?

"సర్కారువారు సెలవు ప్రకటించారు గదా, దుకాణం ఎట్లా తెరుస్తారు?" అని మనలో చదువుకున్నవారే అడుగుతుంటారు. సర్కారు గెజిట్టులో వచ్చే సార్వజనిక సెలవుల పట్టికకు మూలం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. అది హుండీలకు, ప్రామిసరీ నోట్లకు, చెక్కులకు సంబంధించినది. నోటు గడువు సెలవునాడు పడితే ఎప్పుడు చెల్లించాలన్న తగవు రాకుండా, అంతకు ముందరి పనిదినాననే గడువు తీరినట్లు లెక్క అని ఆ చట్టం చెప్పింది. సెలవు దినమేదో చెప్పవలసిన అవసరం అక్కడ వచ్చింది. అంటే ఆ పట్టిక పుట్టింది అప్పుల గడువు కోసం. అంగడిలో నిలబడి కాళ్లు పీకే గుమాస్తా కోసం కాదు. గుమాస్తా సెలవు వేరే దారిన వచ్చింది. ఆ దారి మన బొంబాయి వీధుల గుండానే పోయింది. అందులో తెలుగువారి అడుగులూ కొన్ని ఉన్నవి గనుక ఆ కథ కొంత చెప్పుకోవడం బాగుంటుంది.

పూర్వం మన ఊళ్లలో సెలవులు లేవనుకోకూడదు. చేతిమగ్గాలవారు అమావాస్యకు మగ్గం దిగేవారు. వీధిబడి పంతులుగారికి పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యయన దినాలు. ఆయుధపూజనాడు పనిముట్టు కూడా పూజ అందుకొని పక్కన కూర్చునేది. కనుమనాడు కాకైనా కదలదన్నారు. ఎడ్లకు సైతం ఆనాడు కాడి లేదు. ఈ సెలవులన్నీ చంద్రుణ్ణి చూసి వచ్చేవి. పని కూడా పొద్దునుబట్టి, వానను బట్టి సాగేది. మిల్లు వచ్చిన తరువాత చంద్రుడు పనికిరాకుండా పోయాడు. ఆవిరియంత్రానికి అమావాస్య లేదు.

బొంబాయిలో తొలి నూలుమిల్లు 1850ల నడుమ ఆడడం మొదలైంది. పొద్దుపొడుపు నుండి పొద్దుగూకే వరకు పని. ఎండకాలంలో పగలు పొడుగైనకొద్దీ పని కూడా పొడుగయ్యేది. పెద్ద పండుగలకు మిల్లు ఆగేది గాని వారానికొకనాడు నిండుగా విశ్రాంతి అనే నియమం లేదు. 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చినా అది పిల్లల మాటే చూసింది. ఏడు నుండి పన్నెండేళ్ల లోపు వారికి రోజుకు తొమ్మిది గంటలు, నెలకు నాలుగు సెలవులు. పెద్దవారి ఊసే ఎత్తలేదు. పోనీ ఆ చట్టమైనా దయతోనే వచ్చిందా అంటే, మన మిల్లుల చవుక నూలుకు బెదిరిన మాంచెస్టరు షావుకార్లు వెనుకనుండి ఒత్తిడి తెచ్చారన్న సంగతి అందరికీ తెలిసినదే.

పెద్దవారి ఊసు ఎత్తినవాడు నారాయణ మేఘాజీ లోఖండే. 1848లో పుట్టాడు. రైల్వేలో, తపాలాశాఖలో కొంతకాలం చేసి, తరువాత ఒక మిల్లులో స్టోర్‌కీపరుగా కుదిరాడు. పనివారి బాధ దగ్గరనుండి చూసినవాడు. జ్యోతిరావు ఫూలేగారి సత్యశోధక సమాజంలో చేరి, పూనాలో 1877లో కృష్ణారావు భాలేకర్ ప్రారంభించిన 'దీనబంధు' పత్రికను 1880 నుండి బొంబాయిలో తాను నడిపాడు.

మన సంబంధం ఇక్కడ ఉన్నది. ఆ రోజులలో బొంబాయిలో సత్యశోధక సమాజానికి అండగా నిలిచినవారిలో తెలుగు కంట్రాక్టర్లు ముఖ్యులు. నిజాం సీమనుండి వలసవచ్చి ఇండ్లు, గోదాములు, రోడ్లు కట్టిన కామాటీలే కామాటిపురానికి పేరు ఇచ్చారు. వారిలో నుండి పైకి వచ్చిన జాయా కారాడి లింగు, వెంకయ్య అయ్యవారు మొదలైనవారు ఫూలేగారికి ఆప్తులు, ధనసహాయం చేసినవారు. మరాఠీ గ్రంథాలలో వీరి పేర్లు మరాఠీ ఉచ్చారణకు తగినట్లు మారి కనబడతాయి గనుక మనవారని గుర్తుపట్టక మన పిల్లలు దాటిపోతుంటారు. కామాటిపురం పేరు చెబితే లోకానికి మరేవో తలపుకు వస్తాయి. ఆ పేటనుండి ఇటువంటి పెద్దలు కూడా వచ్చారని మనమైనా జ్ఞాపకం ఉంచుకోవాలి.

1884 సెప్టెంబరులో లోఖండే మిల్లు పనివారిని సభ చేర్చాడు. అయిదువేల అయిదువందల మంది ఆమోదంతో ఒక అర్జీ తయారైంది. అందులోని కోరికలు వింటే, ఇంతేనా అడిగింది అనిపిస్తుంది. ప్రతి ఆదివారం ఒక పూర్తి దినం సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పని ఉదయం ఆరున్నరకు మొదలై సూర్యాస్తమయానికి ఆగాలి. జీతం మరుసటి నెల పదిహేనో తేదీ దాటకుండా ఇవ్వాలి. పనిలో దెబ్బతగిలితే పరిహారం ఇవ్వాలి. "పూర్తి దినం" అన్న మాట ఊరికే పడలేదు. మిల్లు ఆగిన ఆదివారం కూడా యంత్రాలు తుడవడానికి పనివారిని పిలిచి పూట గడిపించే అలవాటు ఉండేది. సగం సెలవు సెలవు కాదని వారి మాట.

ఆరేళ్లు గడిచినవి. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి పందేల మైదానంలో సుమారు పదివేల మంది పనివారు కూడారు. ఆ సభలో ఇద్దరు మిల్లు స్త్రీలు లేచి మాట్లాడారు. వారి పేర్లు చరిత్రలో నిలబడలేదు గాని, పదివేల మంది ఎదుట ఆడవారు నోరు విప్పడం ఆ కాలానికి సామాన్యమైన విషయం కాదు. మహజరు మిల్లు యజమానుల సంఘానికి చేరింది. 1890 జూన్ 10న వారు ఆదివారపు సెలవుకు ఒప్పుకున్నారు. 1891 ఫ్యాక్టరీ చట్టం వారపు సెలవును శాసనం చేసింది. లోఖండే 1897లో ప్లేగు వ్యాధికి బలి అయ్యాడు. 2005లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వచ్చింది.

ఆదివారమే ఎందుకన్న ప్రశ్న ఉన్నది. దొరలు చర్చికి పోయే రోజు గనుక అది వారికి ఇష్టమేనని కొందరంటారు. ఆదివారం జెజూరి ఖండోబా వారమని లోఖండే వాదించాడని మహారాష్ట్రులలో ప్రచారం. ఏది ఎట్లున్నా ఈ రెండవ మాట తెలంగాణమునుండి వచ్చినవారికి కొత్తగా తోచదు. ఖండోబా మన మల్లన్నే. కొమురవెల్లి జాతర సాగేదీ ఆదివారాలలోనే. నెత్తిన బోనంతో మల్లన్నకు మొక్కిన తల్లి కొడుకే పరేలు మిల్లులో కండెలు మార్చినాడు.

ఇంతవరకు మిల్లు సంగతి. దుకాణపు గుమాస్తాకు ఆ చట్టంతో నిమిత్తం లేదు. మిల్లులో వేలమంది ఒకచోట ఉంటారు, మైదానం నింపగలరు. దుకాణంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు, వారిలో ఒకడు షావుకారు మేనల్లుడు. సంఘం ఎక్కడ పుడుతుంది? అందువల్ల మిల్లు కూలీ వెనుక దుకాణపు నౌకరు దాదాపు ఏబది ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది. బి. జి. ఖేర్‌గారి కాంగ్రెసు మంత్రివర్గం కాలంలో బొంబాయి రాష్ట్రం 1939లో దుకాణాల చట్టం చేసింది. దేశంలో ఇటువంటి చట్టాలకు ఇదే మొదటిది. 1942లో కేంద్రంలో వారపు సెలవుల చట్టం, 1948లో బొంబాయిలో మరింత విపులమైన చట్టం వచ్చినవి. దుకాణం వారంలో ఒకనాడు మూసి ఉండాలి, ఆ దినానికి జీతం కోయకూడదు అన్నది వాటి సారాంశం. ఒక్కొక్క పేటకు ఒక్కొక్క వారం. దాదరు బజారు సోమవారం మూసి ఉండడం మనకు అలవాటైనది ఆ విధంగానే. పండుగ సెలవు మాట మద్రాసువారు 1958లో ప్రత్యేక చట్టంగా చేశారు. పండుగనాడు పని చేయిస్తే రెండింతల జీతమైనా ఇవ్వాలి, మామూలు జీతంతో పాటు బదులు సెలవైనా ఇవ్వాలి.

ఆ పాత చట్టాలలో ఒక సుగుణం ఉన్నది. సెలవు దుకాణానికి; కాబట్టి పనివానికీ. తలుపు మూసినదా లేదా అని వీధిలో పోయే ఇన్‌స్పెక్టరుకు, ఆ మాటకు వస్తే వీధిలో పోయే ఎవరికైనా, కంటికి కనబడేది. పనివాడు నోరు తెరిచి అడగనక్కరలేదు.

2017లో మహారాష్ట్ర కొత్త చట్టం చేసింది. అదే సంవత్సరం డిసెంబరు 19నుండి అమలయింది. దుకాణం సంవత్సరం పొడుగునా తెరచి ఉంచవచ్చు. పనివానికి మాత్రం వారంలో వరుసగా ఇరువదినాలుగు గంటల విశ్రాంతి ఉండాలి. ఆ సెలవు ఇవ్వలేకపోతే రెండు నెలల లోపల బదులు సెలవు ఇవ్వాలి. సంవత్సరానికి ఎనిమిది పండుగ సెలవులు జీతంతో. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తప్పనిసరి. తక్కిన నాలుగు యజమాని, పనివారు కలిసి నిర్ణయించుకోవాలి. కాగితం మీద ఇది న్యాయంగానే ఉన్నది. ఊరికి ఆసుపత్రి, రైలు, పాలు ఎట్లు కావాలో, పండుగనాడు నలుగురు కూర్చుని తినే చోటు కూడా కావాలి. పగలంతా పనిచేసేవారు ఆదివారం తప్ప బట్టలు ఎప్పుడు కొనుక్కుంటారు? దుకాణం తెరవడమే పాపమని నేను అనను. సెలవు మనిషిదే గాని తలుపుది కాదన్న మాట కూడా ఒప్పే.

కాని తలుపు అందరికీ కనబడుతుంది, హాజరు పుస్తకం ఎవరికీ కనబడదు. ఈ సెలవు ఇక అడిగి తీసుకోవలసినది. అడగగలవారు ఎవరు? 2017లో చట్టం చేసినప్పుడే ఈ నిబంధనలు పదిమంది, అంతకు మించి పనివారున్న చోట్లకు పరిమితమైనవి. 2025లో ఆ గీతను ఇరవైకి జరపడానికి రాష్ట్ర మంత్రివర్గం నిశ్చయించింది. మన పిల్లలు ఎక్కువమంది చేరేది నలుగురైదుగురు ఉండే కొట్లలోనే. ఇక షోలాపురంలో ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టే మన తెలుగు ఆడవారి మాట చెప్పనే అక్కరలేదు. వేయి బీడీలకు ఇంత అని కూలి గనుక సెలవు అడగవచ్చు. చుట్టకపోతే కూలి ఉండదు, అంతే.

మిల్లులు ఏమైనవో చదువరులకు తెలుసు. 1982 జనవరి 18న ప్రారంభమైన సమ్మె తరువాత చాలావరకు తిరిగి నిలదొక్కుకోలేదు. లోయరు పరేలులో ఫీనిక్సు మిల్లు ఉన్న స్థలంలో పెద్ద మాల్ లేచింది. పాత మిల్లు పొగగొట్టం దగ్గర నిలబడి చూస్తే, ఆదివారం సాయంత్రం జనం ఇసుక వేస్తే రాలనట్లుంటారు. ఏ మిల్లులవారు పోరాడి ఆదివారాన్ని తెచ్చుకున్నారో, ఆ మిల్లు గడ్డ మీదనే వారి మనుమలు, మనుమరాండ్రు ఆదివారం నిలబడి బట్టలు మడతపెడుతున్నారు. వారికి మంగళవారమో, బుధవారమో సెలవు. ఆనాడు ఇంట్లో బడికి పోయేవారు బడికి, ఆఫీసుకు పోయేవారు ఆఫీసుకు పోతారు. సెలవు ఉన్నది గాని కలిసి భోంచేయడానికి మనిషి లేడు. వారపు సెలవుకు ఈ లోటు ఎట్లాగో సర్దుకోవచ్చు. పండుగకు సర్దుకోవడం కుదరదు. ఉగాది పచ్చడిని మరునాడు తినమని ఎవరికి చెబుతాం?

కనుక ఆ నాలుగు ఐచ్ఛిక సెలవుల మీద మనవారు దృష్టి పెట్టాలి. పట్టిక సంవత్సరారంభంలో తయారవుతుంది, ఉగాది వారం ముందు పోయి అడిగితే "ముందు ఎందుకు చెప్పలేదు?" అంటారు. షోలాపురం పద్మశాలీలకు శ్రావణ పున్నమినాటి మార్కండేయ రథోత్సవం ముఖ్యం. వారు దానిని వ్రాయించుకోవచ్చు. మనకు ఉగాది. తోటి మరాఠీ పనివారికి కూడా అదే నాడు గుడిపాడ్యమి గనుక, ఇది మనం ఒంటరిగా అడగవలసిన సెలవు కాదు; ఇద్దరూ కలిసి ఒకే పంక్తిలో వ్రాయించుకోవచ్చు. షావుకారుకు ఆనాడు బేరం వదులుకోవడం కష్టమైతే, పొద్దుటి పూట సగంమందికి, మధ్యాహ్నం నుండి తక్కినవారికి వంతులు వేసి, వదులుకున్న పూటకు బదులు సెలవు వ్రాసి ఇమ్మనవచ్చు. పచ్చడి పొద్దుననే గనుక ఏ సంవత్సరం ఎవరిది మొదటి వంతో మార్చుకుంటూ పోవలసి ఉంటుంది.