దివిసీమ ఉప్పెన: రంగస్థలం, రేడియో, టెలివిజన్ స్పందన

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఆ విషాదానికి తెలుగు ప్రదర్శన కళలు, ప్రసార సాధనాలు ఎలా స్పందించాయి, జనం ఆ స్పందనను ఎలా అందుకున్నారు అన్నది ఈ వ్యాస విషయం. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమై అప్పటికి నెల తిరగలేదు. దాని ప్రసారం కృష్ణా డెల్టా దాకా వచ్చేది కాదు. అందువల్ల ఈ ప్రాంతంలో జాతీయ స్థాయి విషాదానికి తొలి స్పందన టెలివిజన్ నాటకంగా రాలేదు. నటులు వేషం తీసి జోలె పట్టడం, కవులు కావ్యం రాయడం, జానపద కథకులు సమకాలీన కష్టాన్ని కథలోకి తేవడం వంటి రూపాల్లో వచ్చింది. టెలివిజన్ ఆ తర్వాత ఈ దారులనే అందిపుచ్చుకుంది.

నేపథ్యం

కృష్ణానది పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట ఏర్పడిన లంక భూమి దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి ఇక్కడి ముఖ్య కేంద్రాలు. ఉత్తరాన మచిలీపట్నం, లోపలికి వెళ్తే గుడివాడ. నేల పల్లంగా ఉండటంతో సముద్రం పొంగితే నీటికి అడ్డు ఉండదు.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపానుకు బందరు (మచిలీపట్నం) పట్టణం, చుట్టుపక్కల పల్లెలు నీట మునిగాయి. సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనలు ఆ తర్వాత ఒకటిన్నర దశాబ్దానికి గాని మొదలుకాలేదు. కాబట్టి ఆ విషాదం నాటకంగా మిగల్లేదు. గోర్డన్ మెకంజీ 1883లో కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్ వంటి ప్రభుత్వ గ్రంథాల్లోనే దాని వివరాలు దొరుకుతాయి.

టెలివిజన్‌కు ముందు: బుర్రకథ, నాటకం

తాజా విషాదాన్ని రోజుల వ్యవధిలో ప్రదర్శనగా మలచగల రూపం తెలుగునాట బుర్రకథ. ఈ వీలు దాని నిర్మాణంలోనే ఉంది. నడుమ తంబుర పట్టిన కథకుడు కథ నడుపుతాడు. పక్కన గుమ్మెట వాయించే వంతల్లో ఒకరు హాస్యం చెబితే రెండోవారు రాజకీయం చెబుతారు. కథ బొబ్బిలిదైనా పల్నాటిదైనా ఈ రాజకీయం చెప్పే వంత మధ్యలో అడ్డుపడి ఆనాటి కరువు గురించో బియ్యం ధర గురించో అడగవచ్చు. కథకుడు దానికి బదులు చెప్పి మళ్లీ కథలోకి వెళ్తాడు. మూలకథను కదపకుండా నిన్నటి వార్తను అందులో ఇమిడ్చే వెసులుబాటు ఇది.

1943లో బెంగాల్ కరువు వచ్చినప్పుడు ఈ పద్ధతి ఒక అడుగు ముందుకు వేసింది. అదే ఏడాది ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఉద్యమ ప్రచారానికి విస్తారంగా వాడుకుంది. బుర్రకథకుడు షేక్ నాజర్ బెంగాల్ కరువునే కథగా చెప్పారు. ఎక్కడో దూరాన ఉన్న రాష్ట్రంలోని ఆకలిచావులు ఆంధ్ర పల్లెల్లో కథా వస్తువయ్యాయి.

బుర్రకథ, పద్యనాటక ప్రదర్శనల్లో ప్రేక్షకుడి స్పందన అక్కడికక్కడే తెలిసేది. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవారు. మనసు కదిలితే చదివింపులు ఇచ్చేవారు. ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం వేదిక మీది నుంచి చదివి వినిపించేవారు. విషాదాన్ని చూసి కన్నీరు పెట్టడం, దానికోసం చెయ్యి చాచినవారికి తోచింది ఇవ్వడం ఒకే కార్యక్రమంలో భాగాలుగా ఉండేవి.

1977 ఉప్పెన, ఆనాటి ప్రసార సాధనాలు

1977 నవంబరు 19 శనివారం. గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. సముద్రం దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచి, కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీర గ్రామాలు దారుణంగా దెబ్బతిన్నాయి. అధికార లెక్కల ప్రకారమే మృతులు పదివేల మంది. ఇతర అంచనాలు ఇంకా ఎక్కువ చెబుతాయి. పశువులు లక్షల్లో కొట్టుకుపోయాయి, మాగాణి ఉప్పుబారింది. తాటిచెట్లనూ తుమ్మచెట్లనూ పట్టుకుని, కొట్టుకుపోతున్న ఇంటికప్పుల మీద తేలుతూ కొందరు బతికి బయటపడ్డారు. టెలిఫోను, విద్యుత్తు లైన్లు తెగిపోవడంతో నష్టం ఎంతటిదో బయటి ప్రపంచానికి తెలియడానికి సమయం పట్టింది.

అప్పటికి డెల్టాలో ఇంటింటి సాధనం రేడియో. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం వార్తలు, వాతావరణ సూచనలతో పాటు నాటకాలకు కూడా పేరు తెచ్చుకుంది. కదిలే బొమ్మలు చూడాలంటే సినిమా హాలే దిక్కు. సినిమాకు ముందు వేసే ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలు అందుకు మార్గం. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది 1977 అక్టోబరు 23న. అంతకుముందు 1975-76లో ఉపగ్రహం ద్వారా జరిగిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కొన్ని టీవీ చూశాయి కానీ, అది ఏడాది ముచ్చటే అయింది. దీంతో దివిసీమ గురించి దేశానికి ఎక్కువగా చెప్పింది పత్రికలు, వాటిలో వచ్చిన ఫొటోలు.

జోలె పట్టిన నటులు

ఉప్పెన తర్వాత ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి బాధితుల కోసం విరాళాలు సేకరించారు. ఇద్దరిదీ గుడివాడ ప్రాంతమే. రామారావు స్వగ్రామం నిమ్మకూరు, నాగేశ్వరరావుది రామాపురం. కళాకారులు జోలె పట్టడం అదే మొదలు కాదు. 1952లో రాయలసీమ కరువుకూ, 1965లో దేశ రక్షణ నిధికీ రామారావు ఇదే విధంగా తిరిగారు. అయితే ఈసారి కష్టం సొంత జిల్లాకు వచ్చింది.

ఆ సంవత్సరం జనవరిలో విడుదలైన ‘దానవీరశూర కర్ణ’లో రామారావు కర్ణుడిగా, దుర్యోధనుడిగా, కృష్ణుడిగా కనిపించారు. తెర మీద దానకర్ణుడిగా చూసిన మనిషి వీధిలోకి వచ్చి దానం అడిగాడు. నటుణ్ని దగ్గరగా చూడాలన్న ఆశ, బాధితులపై జాలి జనంలో కలగలిసిపోయాయి. నాటక వేదిక మీది చదివింపులు ఇక్కడ వేదిక లేకుండానే జరిగాయి. విషాదం మీద కథ రాయకముందే, కథలు ఆడేవారి పలుకుబడి సహాయానికి పనికి వచ్చింది. తెలుగు ప్రాంతాల్లో తర్వాతి విపత్తులకు ఇది వరవడి అయింది.

పత్రికలూ పాఠకుల నుంచి చందాలు పోగుచేశాయి. ‘ఈనాడు’ పాఠకుల విరాళాలతో, రామకృష్ణ మిషన్ తోడ్పాటుతో పాలకాయతిప్పలో 112 ఇళ్లు కట్టి, ఆ కాలనీకి పరమహంసపురం అని పేరు పెట్టారు. అవనిగడ్డకు చెందిన నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పునరావాస కార్యక్రమాలతో దివిసీమలో చిరకాలం గుర్తుండిపోయారు.

కావ్యంలో ఆగ్రహం

జాలి, దానం ఒకవైపు సాగగా సాహిత్యం మరో ప్రశ్న వేసింది. దిగంబర కవుల్లో ఒకరైన నగ్నముని రాసిన ‘కొయ్యగుర్రం’ దివిసీమ ఉప్పెన నేపథ్యంలో వచ్చిన దీర్ఘకావ్యం. ప్రకృతి చేసిన నష్టంతో పాటు మనుషులను నిస్సహాయంగా వదిలేసిన పాలనా వ్యవస్థను కూడా అది నిలదీసింది. ఆధునిక తెలుగు కవిత్వ చర్చల్లో ఈ కావ్యం ప్రస్తావన ఇప్పటికీ వస్తుంది. దివిసీమకు కళాకారుల స్పందన అప్పటి నుంచే రెండు పాయలుగా నడిచింది. సాయం అడిగే పాయకు జనాదరణ ఎక్కువ. బాధ్యులెవరని అడిగే పాయ సాహిత్య పాఠకుల దగ్గర ఎక్కువ కాలం నిలిచింది.

దూరదర్శన్ రాక, 1990 తుపాను

1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పనిచేయడం మొదలయ్యాక దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు పెరిగాయి. ఆ దశకంలోనే డెల్టా పట్టణాలకు దూరదర్శన్ చేరింది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను 1977 నాటిదానితో పోల్చదగ్గ తీవ్రత గలది. మృతులు మాత్రం వెయ్యిలోపే, 967 మంది. ఉపగ్రహ చిత్రాలు, తీరంలో పెట్టిన హెచ్చరిక యంత్రాలు, రేడియో, టీవీ సూచనలు, లక్షకు పైగా జనాన్ని ముందుగా తరలించడం ఇందుకు ప్రధాన కారణాలు. ఈ ప్రాంతంలో టెలివిజన్ విపత్తుకు తొలిసారి బాగా పనికొచ్చింది హెచ్చరికగానే. నాటకం సంగతి తర్వాతి మాట.

ప్రైవేటు ఛానళ్ల కాలం

1995లో జెమిని టీవీ, ఈటీవీ మొదలయ్యాయి. 2004 నాటికి ఇరవైనాలుగు గంటల తెలుగు వార్తా ఛానళ్లూ వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరు 26న సునామీ మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరాన్ని కూడా తాకింది. రాష్ట్రంలో వందమందికి పైగా చనిపోయారు. ఈసారి తీరంలోని ఏడుపులు కొన్ని గంటల్లోనే ఇళ్లల్లోని తెర మీదికి వచ్చాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని దెబ్బతీసింది. తెలుగు సినీ పరిశ్రమ నవంబరు 30న ‘మేము సైతం’ పేరిట పన్నెండు గంటల కార్యక్రమం నిర్వహించగా, జెమిని టీవీ ప్రత్యక్ష ప్రసారం చేసింది. నటులు పాడారు, ఆడారు, ఆటలాడారు, విరాళాలు అడిగారు. 1977 నాటి జోలె యాత్రకు ఇది టెలివిజన్ రూపం. వీధి పోయి స్టూడియో వచ్చింది, జోలె స్థానంలో ఫోను నంబరు వచ్చింది.

ధారావాహికల వెనుకంజ, బయటి పోలికలు

తెలుగు రోజువారీ ధారావాహికలు ప్రధానంగా కుటుంబ కలహాల చుట్టూ తిరుగుతాయి. సామూహిక మరణాన్ని వస్తువుగా తీసుకోవాలంటే ఖర్చు ఒక అడ్డంకి, బతికున్న బాధితుల మనోభావాలు మరొకటి. హిందీలో దేశ విభజన హింసను చూపిన గోవింద్ నిహలానీ ‘తమస్’ దూరదర్శన్‌లో వచ్చింది 1988లో, ఘటన జరిగిన నలభై ఏళ్లకు. అప్పుడు కూడా నిరసనలు చెలరేగాయి, ప్రసారాన్ని ఆపాలని కోర్టుకెక్కారు. ప్రసారానికి సుప్రీంకోర్టు అనుమతిచ్చింది.

అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన మూడు వారాలకే, అక్టోబరు 3న, ‘ది వెస్ట్ వింగ్’ ధారావాహిక ఒక ప్రత్యేక భాగం ప్రసారం చేసింది. నటులు మొదట పాత్రల్లోంచి బయటికి వచ్చి ప్రేక్షకులతో మాట్లాడి, విరాళాల కోసం ఫోను నంబర్లు ఇచ్చారు. రెండు కోట్లకు పైగా జనం చూశారు. కథ మాత్రం పాఠం చెప్పినట్టు ఉందని విమర్శ వచ్చింది. జపాన్‌లో 2011 భూకంపం, సునామీని ఎన్‌హెచ్‌కే ‘అమాచాన్’ ధారావాహిక రెండేళ్లు ఆగి 2013లో చూపింది. నిజమైన అలల దృశ్యాలు వాడకుండా, కథలో అప్పటికే పరిచయమైన ఊరి నమూనా బొమ్మ మీద పగిలిన గాజు ముక్కలు పడినట్టు చూపి ఊరుకుంది. ఈ సంయమనాన్ని జనం మెచ్చుకున్నారు.

ప్రేక్షకుల స్పందన

ఈ ఉదాహరణలను కలిపి చూస్తే ప్రేక్షకుడు విషాదం జరిగిన వెంటనే ఒకటి, కాలం గడిచాక మరొకటి కోరతాడని తెలుస్తుంది. తొలి రోజుల్లో నటుడు నటన మానేసి మనిషిగా ఎదురుపడితే ఆదరిస్తాడు. దివిసీమ జోలెకూ, వెస్ట్ వింగ్ తొలి నిమిషాలకూ, ‘మేము సైతం’కూ వచ్చిన ఆదరణ ఈ కోవలోనిది. అదే సమయంలో కథ చెప్పి నీతి బోధించబోతే తప్పుపడతాడు. ఏళ్లు గడిచాక కథ వింటాడు కానీ వివరం తప్పితే ఊరుకోడు. 

ఏటా నవంబరు 19న దివిసీమలో మృతులకు నివాళులర్పిస్తారు. ఆ రోజు తెలుగు ఛానళ్లు బతికి బయటపడినవారి జ్ఞాపకాలు ప్రసారం చేస్తాయి. ఆనాడు పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవై దరిదాపుల్లో ఉన్నారు. నీళ్లు ఎటునుంచి వచ్చాయో, ఏ చెట్టు ఎవరిని కాపాడిందో చెప్పగల వీరి రికార్డయిన మాటలే ఉప్పెన మీద ఎప్పుడు ఏ ధారావాహిక తీసినా దానికి తొలి ముడిసరుకు. దాని తప్పొప్పులు మొదట పట్టుకునేదీ వీరే.