తాతగారి చిరునామా

మా తాతగారి నివాసమును గూర్చి నాకు దొరకిన ఆధారములు రెండే: “ఇందూరు, బోధను, తూము దగ్గరి క్యాంపు” అని నాయనమ్మ చెప్పిన మాట, ఫస్లీ 1350 నాటి యొక ఉర్దూ శిస్తు రసీదు.

ఫస్లీకి 590 కలిపిన 1940 వచ్చును. ఇందూరు 1905లోనే నిజామాబాదైనను, పాతపేరు జనుల నోట నిలిచినది. మంజీరపై నిజాంసాగరు 1931లో పూర్తికాగా, కోస్తా రైతులనేకులు వచ్చి కాలువల క్రింద భూములు కొని వేసికొన్న గుడిసెలే క్యాంపులైనవి. 1937లో స్థాపితమైన చక్కెర కర్మాగారముతో చెరకుసాగు పెరిగి, బోధను చెంత శక్కర్‌నగర్ వెలసినది.

పటములో ఆ క్యాంపు కానరాలేదు. బోధనులో ఒక వృద్ధుని అడిగితిని. “తూము కాడి క్యాంపా? మీ తాత చెరుకు బండి ఫ్యాక్టరీకి నేనే తోలిన, బిడ్డా!” అని వెంటబెట్టుకొని పోయి చూపినాడు. ఇల్లు లేదు, బావి గట్టు మాత్రము మిగిలియున్నది. ఆ రాతిపై చేయి వేసి చాలసేపు నిలిచితిని.

2015లో కర్మాగారము మూతపడినది. బండ్లు తోలినవారును ఒక్కొక్కరే కనుమరుగగుచున్నారు. ఆ వృద్ధుని మాటలను వ్రాసి మన గ్రంథాలయమున నుంచితిని. చదువరులారా! మీ పెద్దలను నేడే అడుగుడు. రేపు అడుగుటకు వారుండకపోవచ్చును.