సంజ్ఞానాత్మక భాషాశాస్త్రం: మూల భావనలు, తెలుగు ఆధారాలు

భాషను మనిషి ఆలోచన నుంచీ, ఒంటి అనుభవం నుంచీ విడదీయకుండా చదివే శాస్త్రం సంజ్ఞానాత్మక భాషాశాస్త్రం. మాట అర్థం నిఘంటువులో ఇమిడిపోదనీ, ఆ మాట వాడేవాళ్ళ పని, పరిసరం, చూపు కలిస్తేనే అర్థం ఏర్పడుతుందనీ దీని వాదం. 1970లలో అమెరికాలో రూపుదిద్దుకుంది. 1989లో జర్మనీలోని డూయిస్‌బుర్గ్‌లో జరిగిన సమావేశంతో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది, మరుసటి ఏడాది సొంత పత్రిక మొదలైంది. ఈ శాస్త్రపు తొలి పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు ఉదాహరణల మీదే నడిచాయి. కానీ దాని ప్రధాన భావనలను పరీక్షించడానికి తెలుగు గొప్ప క్షేత్రం. 44వ నంబరు జాతీయ రహదారి మీద, కామారెడ్డికీ నిజామాబాద్‌కూ మధ్యనున్న సదాశివనగర్ మండలం వైపు రోజూ వినబడే మాటలే అందుకు సాక్ష్యం.

పూర్వరంగం

మాట ఒక అర్థాన్ని దాటి దానికి సంబంధించిన మరో అర్థాన్ని ఎలా అందుకుంటుందన్న ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు. ఆలంకారికులు దీన్ని లక్షణ అన్నారు. గంగలో పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకోవడం వాళ్ళు తరతరాలుగా ఇచ్చిన ఉదాహరణ. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయం ఈ చర్చను ఓరుగల్లుకు తెచ్చింది. దానికి రత్నాపణం అనే వ్యాఖ్య రాసిన కుమారస్వామి మల్లినాథసూరి కొడుకు. మల్లినాథుని ఊరుగా చెప్పే కొల్చారం మెదక్ జిల్లాలో, కామారెడ్డికి పొరుగునే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే ప్రశ్న మరో దారిన వచ్చింది. 1957 తర్వాత చామ్‌స్కీ ప్రభావంతో వాక్య నిర్మాణం భాషాశాస్త్రానికి కేంద్రమైంది. ఆ గాలి తెలుగుకూ తగిలింది. కార్నెల్‌లో చదివొచ్చిన చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ దాని మంచి ఫలితం. అర్థాన్ని పక్కన పెట్టి వాక్యాన్ని వివరించలేమని తిరగబడినవాళ్ళలో జార్జ్ లేకాఫ్, చార్లెస్ ఫిల్‌మోర్, రోనాల్డ్ లాంగకర్, లెనర్డ్ టాల్మీ ముఖ్యులు. కొత్త శాస్త్రానికి పునాది వేసింది వీళ్ళే.

వర్గాలు

ఎలినార్ రోష్ 1970లలో చేసిన ప్రయోగాలు వర్గాల గురించిన పాత నమ్మకాన్ని కదిలించాయి. ఒక వర్గంలోని సభ్యులందరూ సమానం కాదనీ, కొందరు నడిమధ్యన, కొందరు అంచున ఉంటారనీ ఆమె చూపింది. పిట్ట అనగానే పిచ్చికో చిలుకో మనసులో మెదులుతుంది, కోడి అంత సులువుగా గుర్తుకు రాదు.

వర్గాల విషయంలో తెలుగు ఇవ్వగలిగిన అసలు సాక్ష్యం వ్యాకరణంలోనే ఉంది. బర్రె వచ్చింది, వాన వచ్చింది, అమ్మ వచ్చింది: మూడింటికీ ఒకే క్రియ. నాయిన మాత్రం వచ్చిండు. అదే బహువచనంలో ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి ‘వచ్చిన్రు’ అవుతారు, బర్లు ‘వచ్చినయ్’ అవుతాయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం మహత్తు (పురుషులు), అమహత్తు (మిగిలినవన్నీ) అనే విభజనతో దీన్ని సూత్రీకరించింది. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషలన్నిటినీ పోల్చి, ఇలాంటి ఏర్పాటు దూరాన ఉన్న కుడుఖ్, మాల్తో భాషల్లోనూ కనిపిస్తుందని చూపారు. పక్కనే ఆదిలాబాద్ వైపు వినిపించే కొలామీ, గోండీల్లో స్త్రీలు బహువచనంలో కూడా పురుషేతర వర్గంలోనే ఉంటారు. 1987లో లేకాఫ్ ఆస్ట్రేలియాలోని డిర్బల్ భాషా వర్గాల ఆధారంగా తన పుస్తకానికి పేరు పెట్టారు. స్త్రీలు, నిప్పు, ప్రమాదకరమైనవి ఒకే వర్గంలో చేరడం ఆయనను ఆకర్షించింది. ఏకవచనంలో ఒక తీరు, బహువచనంలో మరో తీరు వర్గీకరించే తెలుగు ఆ చర్చలో అంతే ముఖ్యమైన స్థానానికి అర్హమైనది.

చట్రాలు

ఒక మాట అర్థం కావాలంటే దాని వెనకనున్న వ్యవహారమంతా తెలియాలన్నది ఫిల్‌మోర్ సిద్ధాంతం. అమ్మకం అనే మాటకు అమ్మేవాడు, కొనేవాడు, సరుకు, డబ్బు అన్నీ కావాలి. ఈ మొత్తాన్ని ఆయన ఫ్రేమ్ అన్నారు, తెలుగులో చట్రం అనవచ్చు. ‘జీతం’ చూడండి. ఆఫీసులో అది నెలకొకసారి చేతికందే డబ్బు. ‘పటేలు దగ్గర జీతం ఉన్నడు’ అన్న పల్లె మాటలో ఒక ఆసామి ఉన్నాడు, ఏడాది కట్టుబాటు ఉంది, పశువులు, నాగలి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చాకిరీ ఉన్నాయి. ఆ చట్రం తెలియనివాడికి మాట తెలుసు, అర్థం తెలియదు. ‘బాయికాడికి పోయిండు’ అన్నా అంతే. బావి పేరు చెబితే దాని కింద సాగయ్యే పొలమంతా వచ్చేస్తుంది. ఆలంకారికులు గంగ ఒడ్డు పల్లెతో చెప్పింది ఇక్కడ ఎద్దులతో బావి నీళ్ళు తోడే మోట నడిచిన నేల మీద వినిపిస్తుంది.

రూపకాలు

లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో తెచ్చిన పుస్తకం ఈ శాస్త్రాన్ని అందరికీ పరిచయం చేసింది. రూపకం కవుల సొత్తు కాదు, మామూలు ఆలోచనే రూపకాలతో నడుస్తుందని వాళ్ళు వాదించారు. కోపం వేడి అన్న భావన తెలుగులోనూ గట్టిగా ఉంది: మండిపడతాం, కుతకుతలాడతాం, ఆ తర్వాత చల్లబడతాం. ‘ఎనుకట’ అంటే గతించిన కాలం, అది మన వెనకే ఉంది. ‘ఈ రోడ్డు నిజామాబాద్ పోతది’ అంటాం. రోడ్డు కదలదు, చూపు కదులుతుంది. టాల్మీ దీన్ని కల్పిత చలనం అన్నారు.

ఒకచోట మాత్రం తెలుగు ఎదురుతిరుగుతుంది. ఆప్యాయత అంటే వెచ్చదనం అన్న రూపకాన్ని 1990ల చివర జోసెఫ్ గ్రేడీ ప్రాథమిక రూపకాల్లో చేర్చారు. తల్లి ఒడిలోని వెచ్చదనం నుంచి పుట్టింది కాబట్టి మనుషులందరికీ సహజమని దాని వివరణ. మరి మన పెద్దలు ‘నీ కడుపు సల్లగుండ’ అని దీవిస్తారు. తల్లి చల్లనిది, చూపు చల్లనిది, కడుపు మండితే శాపం. వెచ్చని స్నేహం లాంటి మాటలు తెలుగులో లేకపోలేదు, అయినా దీవెన అంతా చల్లదనం వైపే ఉంది. ఎండ మండే నేలలో ఒంటికి హాయినిచ్చేది చల్లదనమే. శరీరానుభవమే రూపకానికి మూలమన్న సూత్రం దీనితో దెబ్బతినదు, ఇంకా బలపడుతుంది. సవరించుకోవలసింది ఆ అనుభవం లోకమంతటా ఒకటేనన్న ఊహ.

అనుభవించేవారి స్థానం

‘నాకు ఆకలైతాంది’, ‘నాకు తెల్సు’ లాంటి వాక్యాల్లో మనిషి మామూలు కర్త రూపంలో ఉండడు, అనుభవం అతని దగ్గరికి వస్తుంది. దక్షిణాసియా భాషల్లోని ఈ నిర్మాణం మీద విస్తృతంగా పరిశోధన జరిగింది. పేరి భాస్కరరావు, కె.వి. సుబ్బారావు సంపాదకత్వంలో 2004లో వెలువడిన సంపుటాల్లో తెలుగుకు మంచి చోటు దొరికింది.

సేకరణ

ఉస్మానియాలో 1962లో భాషాశాస్త్ర శాఖ మొదలైంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, వెలువడింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. రైతుల నోటి నుంచి నేరుగా పదాలు తీసుకున్న ఆ పని తెలుగు మేధా చరిత్రలో అత్యుత్తమమైనవాటిలో ఒకటి. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం ఈ ప్రాంతపు నుడిని ప్రత్యేకంగా పోగుచేసింది. వీటిలో మాట, దాని అర్థం దొరుకుతాయి. చట్రాన్నీ రూపకాన్నీ పట్టుకోవాలంటే ఎవరు, ఎవరితో, ఏ పనిలో ఉండి అన్నారో తెలిపే పూర్తి సంభాషణలు కావాలి. మోట కొట్టినవాళ్ళు, జీతం ఉన్నవాళ్ళు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కాలేజీల్లో తెలుగు చదివే పిల్లలు ముందుగా తమ ఇళ్ళలోని పెద్దల మాటలను, వాళ్ళ అనుమతితో, రికార్డు చేసి భద్రపరచాలి.