వీధి వేడి, చెట్టు నీడ: రెండు శతాబ్దాల కొలతలు

నగరం తన చుట్టూ ఉన్న పల్లెలకన్నా వేడిగా ఉంటుందని తొలిసారి అంకెలతో చూపినవాడు వృత్తిరీత్యా మందుల తయారీదారు. మేఘాలకు పేర్లు పెట్టిన ల్యూక్ హోవర్డ్, 1818–20లో వెలువడిన 'ది క్లైమెట్ ఆఫ్ లండన్'లో, లండన్ రాత్రులు పరిసర గ్రామాల రాత్రులకన్నా సగటున 3.7 ఫారెన్‌హీట్ డిగ్రీలు వేడిగా ఉన్నాయని లెక్కగట్టాడు. ఈ తేడా పగలు కాక రాత్రి కనబడటం గమనార్హం. ఇటుక, రాయి పగలు దాచుకున్న వేడిని రాత్రి వదులుతాయి. శరీరం తేరుకోవలసిన వేళ దానికి ఊరట దొరకదు. 1995 జూలైలో షికాగోలో 700 మందికి పైగా ప్రాణాలు తీసిన వేడిలో రాత్రులు చల్లబడకపోవడం ఒక ముఖ్య కారణం.

హోవర్డ్ చేసింది ఊరికీ ఊరి వెలుపలికీ మధ్య పోలిక. నగరం లోపలి తేడాలు అందులో కనబడవు. 1927లో విల్హెల్మ్ ష్మిట్ వియన్నాలో ఉష్ణమాపకాన్ని మోటారు కారుకు అమర్చి వీధులు తిరిగాడు. అప్పటినుండి ప్రశ్న మారింది: నగరం ఎంత వేడి అని కాదు, ఏ వీధి ఎంత వేడి అని.

ఆ పద్ధతికి నేటి రూపం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మేడిసన్‌లో కనబడుతుంది. 2016 వేసవిలో కార్లీ జైటర్ సెన్సర్ బిగించిన సైకిలుపై నగరమంతా తిరిగి ఉష్ణోగ్రతలు నమోదు చేసింది. 2019లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఒక వీధి పరిధిలో 40 శాతానికి మించి చెట్ల కప్పు ఉన్నచోట పగటి చల్లదనం బాగా పెరిగింది. అక్కడొకటి ఇక్కడొకటిగా నాటిన చెట్లు ఆ పని చేయలేవు. ఆకుల నుండి ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ సుమారు 580 కాలరీల వేడిని తీసుకుపోతుంది. చెమట మన దేహాన్ని చల్లబరిచే సూత్రమూ ఇదే. అయితే రాత్రివేళ చెట్లకన్నా కాంక్రీటు, తారు పరచిన నేల ప్రభావమే ఎక్కువని ఆ అధ్యయనమే చూపింది. హోవర్డ్ గుర్తించిన రాత్రి వేడి చెట్లు నాటినంత మాత్రాన పోదు. నేలనూ కొంత వదిలిపెట్టాలి.

ఆ చెట్లు ఎవరి వీధిలో ఉన్నాయన్నది చరిత్ర. 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నల్లవారు, వలసవచ్చినవారు నివసించే పేటలను పటాలపై ఎర్రరంగుతో గుర్తించి, రుణాలకు ప్రమాదకరమైనవిగా ముద్రవేసింది. 2020లో 108 నగరాల ఉపగ్రహ కొలతలను ఆ పటాలతో పోల్చిన పరిశోధకులకు, ఆ పేటల నేల మిగతా ప్రాంతాలకన్నా సగటున 2.6 సెల్సియస్ డిగ్రీలు వేడిగా కనబడింది.

వడదెబ్బ తగిలిన రోగి ఏ వీధి నుండి వచ్చాడన్నది అందుచేత వైద్యానికీ అవసరమైన ప్రశ్నే. నగరపు సగటు ఉష్ణోగ్రత దానికి జవాబు చెప్పదు.