కొరియా రణక్షేత్రమున భారత వైద్యదళము

ఉద్యోగార్థము వచ్చి నేను నివాసమేర్పరచుకొన్న ఈ కొరియాదేశపు చరిత్రను పర్చూరు ప్రాంతమునందలి మనవారికి విన్నవింపవలెనని తలచినపుడు, ప్రాచీన రాజవంశముల ప్రశస్తినిగాని నేటి కర్మాగారముల వైభవమునుగాని ముందు చెప్పుటకు నా మనస్సు అంగీకరింపలేదు. శరత్కాలమున ఇక్కడి పల్లెబాటల ప్రక్క ఎండబోసిన ఎఱ్ఱని మిరపకాయలు మన గుంటూరుసీమ కల్లములను తలపించుమాట నిజమే. కాని ఈ నేలకును మనకును అంతకంటె గాఢమైన బంధము వేఱొకటి కలదు. దానిని కల్పించినవారు మన సైనికవైద్యులు. వారి సేవ తెలియవలెనన్న ఈ జాతి పడిన కష్టము ముందుగా తెలియవలెను.

1910లో జపాను సామ్రాజ్యము కొరియాను తనలో కలుపుకొనెను. ముప్పదియైదేండ్ల పరాధీనతలో తమ భాషను బడులనుండియు తమ పేళ్లను ప్రభుత్వపు దస్తావేజులనుండియు కోల్పోయిన ఈ ప్రజలకు 1945 ఆగస్టున విముక్తి లభించెనో లేదో, అమెరికా, సోవియట్ రష్యాలు 38వ అక్షాంశరేఖ యొద్ద దేశమును రెండుగా చీల్చెను. 1948లో ఉత్తర దక్షిణములందు వేఱువేఱు ప్రభుత్వములు వెలసెను. 1950 జూన్ 25న ఉత్తరసేనలు ఆ రేఖను దాటి, మూడు దినములలో సియోలు నగరమును గైకొని, దక్షిణసేనలను బుసాన్ రేవు పరిసరములకు నెట్టివేసెను. సెప్టెంబరు 15న ఇంచియాన్ తీరమున దిగిన ఐక్యరాజ్యసమితి సేనలు ఉత్తరరాజధానియైన ప్యోంగ్‌యాంగును సైతము పట్టుకొనెను. అంతలో చైనా సేనలు యాలూ నదిని దాటి వచ్చి యుద్ధగతిని మరల మార్చివేసెను.

స్వాతంత్ర్యము వచ్చి మూడేండ్లు మాత్రమే గడచిన భారతదేశము ఆనాడు దురాక్రమణమును నిస్సంకోచముగా ఖండించియు, పోరాడుసేనలను పంపుటకు సమ్మతింపలేదు. పదునాఱు దేశములు ఆయుధపాణులను పంపగా, నెహ్రూ ప్రభుత్వము 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు అను దళమును, అనగా రణరంగము వెంట కదలుచు శస్త్రచికిత్సలు సైతము చేయగల ఆసుపత్రిని, పంపెను. 1950 నవంబరు 20న బుసాన్ రేవున దిగిన ఈ దళమునకు అధిపతి లెఫ్టినెంట్ కర్నల్ ఆర్కాటు గోవిందరాజ్ రంగరాజ్. పర్చూరు కూడ మద్రాసు ప్రెసిడెన్సీలోనిదై యుండిన ఆ దినములలో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చదివి సైన్యమున చేరినవారు. 1941లో పారాచూటు కట్టుకొని విమానమునుండి దుమికిన తొలి భారతీయులలో ఒకరు. 1944లో మణిపురమునందలి సాంగ్‌షాక్ యొద్ద జపాను సేనల ముట్టడిలో క్షతగాత్రులకు చికిత్స చేసినవారు.

దళము ప్యోంగ్‌యాంగు చేరిన కొలదిదినములకే, చైనా సేనలు సమీపించుచుండుటచే, నగరమును విడిచి వెనుకకు మరలవలసినదని ఆజ్ఞ వచ్చెను. మనుష్యులు ప్రయాణము చేయుటకైనను వాహనములు చాలవు. సామగ్రిని అచ్చట విడిచిపోయినచో, శస్త్రములును ఔషధములును లేని వైద్యులు ఆ ఘోరశీతకాలమున ఎవ్వరికిని ఉపకరింపజాలరు. అట్టి విపత్సమయమున వారు దిక్కులేక పడియున్న ఆవిరియంత్రము నొకదానిని, కొన్ని రైలుపెట్టెలను వెదకి పట్టుకొని, దళములో ఇంజను నడుపుట ఎఱిగినవారిచే దానిని కదిలించి, సామగ్రియంతయు ఎక్కించుకొని, వంతెనలు ప్రేల్చివేయబడుటకు పూర్వమే నదిని దాటి దక్షిణమునకు చేరిరి. తుపాకి పేల్చని ఈ సాహసము తరువాతి మూడేండ్ల సేవకెల్ల మూలమయ్యెను.

పిమ్మట దళము రెండు భాగములయ్యెను. ఒకటి కామన్వెల్తు సేనల వెంట యుద్ధముఖమున నిలువగా, బెనర్జీ అను అధికారి నాయకత్వమున రెండవది దేగూ నగరమందలి సైనిక వైద్యశాలకు తోడ్పడుచు, ఇండ్లు వాకిళ్లు కోల్పోయి వచ్చిన సామాన్యప్రజలకు చికిత్స చేసెను. 1951 మార్చి 23న అమెరికాకు చెందిన 187వ పారాచూటు సేనాదళము మున్సాన్ యొద్ద విమానములనుండి శత్రుభూమిపై దుమికినపుడు, దుమికిన వేలమందిలో రంగరాజ్‌తో కూడిన పండ్రెండుగురు భారతీయులుండిరి. గాయపడువారు ఎచ్చట నుందురో వైద్యుడును అచ్చటనే యుండవలెనను నియమమును ఆయన దళాధిపతియయ్యు తనకు మినహాయించుకొనలేదు.

1953 జులై 27న యుద్ధవిరమణ జరిగినను మనవారి పని ముగియలేదు. స్వదేశమునకు మరలనొల్లని యుద్ధఖైదీల భవితవ్యమును నిర్ణయించు తటస్థదేశముల సంఘమునకు జనరల్ తిమ్మయ్య అధ్యక్షులైరి. ఆ ఖైదీలను కాపాడు భారతసేనకు మేజర్ జనరల్ థోరట్ నాయకులైరి. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించి మన పల్లెలు పండుగ చేసికొనుచుండగా, ఈ వైద్యదళము ఇంకను కొరియాలోనే సేవ చేయుచుండెను. 1954లో స్వదేశమునకు మరలునప్పటికి వారు ఇంచుమించు రెండు లక్షలమంది రోగులను చూచి, 2,300 పైచిలుకు శస్త్రచికిత్సలు చేసిరి. రంగరాజ్, బెనర్జీ లిరువురును మహావీరచక్రములను పొందిరి.

కొరియా ఈ సేవను మఱవలేదు. బుసాన్ నగరమున తేజోంగ్‌దే కొండచెంత వైద్యదళములను పంపిన దేశముల పేర స్మారకచిహ్నమును నిలిపిరి; 2020 జులైలో ఇక్కడి ప్రభుత్వము రంగరాజ్‌ను ఆ నెలకు యుద్ధవీరునిగా ప్రకటించి గౌరవించెను. ఆయన మాత్రము పతకములతో తృప్తిపడి కూర్చుండినవారు కారు. సైన్యమును విడిచిన తరువాత ప్రపంచ ఆరోగ్యసంస్థ పక్షమున అఫ్ఘనిస్థానమునకు వెడలి, దుర్గమములైన కొండలోయలలో మశూచి నిర్మూలనమునకై శ్రమించిరి.

తటస్థత యనగా గట్టున నిలిచి ఇరువురి పోరును వేడుక చూచుట యని పలుకువారికి ఈ దళపు చరిత్రయే సమాధానము. మన దేశము చంపుటకు నిరాకరించెనే కాని, ప్రమాదమును పంచుకొనుటకు నిరాకరింపలేదు. రక్షణార్థమై ప్రాణములకు తెగించిన వైద్యుని ధైర్యము యోధుని ధైర్యమునకు ఏమాత్రమును తీసిపోదు. ప్రత్తిచేలలో చెమటోడ్చి, అప్పుచేసియైనను బిడ్డలను వైద్యవిద్యకు పంపుచున్న తల్లిదండ్రులు మన సీమలో ఎందఱో కలరు. ఆ బిడ్డలకు రంగరాజ్ పేరును ఆయన సహచరుల చరిత్రయు తెలియవలెను. మన బడులలో ఉపాధ్యాయులు ఈ కథను చెప్పవలెను. ఆపదలోనున్నవాడు ఏ దేశస్థుడైనను వాని చెంతకు పోవుటయే తమ విద్యకు ధర్మమని ఆ బిడ్డలు గ్రహింపవలెను.